ఆలస్యంగా అందిన కబురు
(మన సంఘం లేపాక్షి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తాగునీటికే కటకటలాడే సీమలో ఓడల కథ ఏమిటని కార్యదర్శిగారు నవ్వారు. తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. ఈ కథలో ఓడలకన్నా నన్ను కబుర్లే పట్టుకున్నాయి.

సఫ్రెన్ అనే ఫ్రెంచి నౌకాధికారి 1729లో పుట్టాడు. పద్నాలుగో ఏట కొలువులో చేరాడు. రెండుసార్లు ఇంగ్లీషువారికి ఖైదీగా చిక్కాడు. మన సముద్రంలోని ఫ్రెంచి నౌకాదళం ఆయన చేతికి వచ్చేసరికి యాభై రెండేళ్లు. అదీ 1782 ఫిబ్రవరిలో పై అధికారి చనిపోబట్టి! ప్రమోషను కోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాచిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆయన వచ్చింది హైదరాలీకి తోడుగా. ఈ పెనుకొండ సీమ అప్పుడు హైదరు ఏలుబడిలోనిదే. 1782 జూలైలో ఇద్దరూ కడలూరులో కలుసుకున్నారు. దెబ్బతిన్న ఓడల మరమ్మతుకు మారిషస్ వెళ్లడం ఆనవాయితీ. సఫ్రెన్ వెళ్లలేదు. చిన్న ఓడల తెరచాప కొయ్యలు ఊడబీకి పెద్దవాటికి బిగించి, ఇక్కడే ఉండి పోరాడాడు. కింది కెప్టెన్లు కొందరు మాట వినేవారు కాదు. ఆ బాధ కూడా మనలో కొందరికి తెలిసిందే.

హైదరు 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర దండులో కన్నుమూశాడు. సైన్యం చెదిరిపోకుండా, టిప్పు వచ్చేదాకా ఆ సంగతి దాచిపెట్టారు. సఫ్రెనుకు తెలిసింది మరుసటి జనవరిలో, గంజాం తీరాన పట్టుబడ్డ కోవెంట్రీ అనే ఇంగ్లీషు ఓడ వల్ల. మిత్రుడి చావు శత్రువు నోట వినవలసి వచ్చింది.

ఇంకొకటి చూడండి. 1783 జనవరి 20న వెర్సాయిలో సంధి షరతులపై సంతకాలయ్యాయి. సరిగ్గా అయిదు నెలలకు, జూన్ 20న, కడలూరు దగ్గర సఫ్రెన్ 15 ఓడలతో హ్యూస్ దొర 18 ఓడలను ఎదుర్కొన్నాడు. ఇరువైపులా చచ్చినవారు, గాయపడినవారు కలిసి సుమారు వెయ్యిమంది. సంధి కబురు అందింది ఆ నెలాఖరుకు.

1974లో ఒక పల్లెకు టెలిగ్రాం వచ్చింది. సాయంత్రం బస్సు వెళ్లిపోయిందని నేను తెల్లవారాక పంపాను. ఆ కొడుక్కు తండ్రి కడచూపు దక్కలేదు. తర్వాత కనిపించినప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి సైకిలు మీద మనిషిని పంపి ఉండవచ్చు.

సఫ్రెన్ తిరుగుప్రయాణంలో గుడ్ హోప్ అగ్రం దగ్గర ఆగినప్పుడు, హ్యూస్ దళంలోని ఇంగ్లీషు కెప్టెన్లే ఆయన ఓడ ఎక్కి పలకరించి వెళ్లారు. 1788 డిసెంబరులో పారిస్‌లో చనిపోయాడు.

సెలవు.