రెండు పెద్ద ఊళ్ల మధ్య ప్లటీయా



ప్రాచీన గ్రీసు అనగానే మనకు నోటికొచ్చే పేర్లు రెండే, ఏథెన్స్, స్పార్టా. నిజానికి ఆ కాలంలో గ్రీకు నగర రాజ్యాలు వందల్లో ఉండేవి. చాలావాటిలో మన మండల కేంద్రానికున్నంత జనం కూడా ఉండేవారు కాదు. అయినా ఎవరి కోట గోడ వారిది, ఎవరి సభ వారిది, యుద్ధమొస్తే ఎవరి ఈటెలు వారివి. అలాంటి చిన్న రాజ్యాన్ని ఒకదాన్ని ఈ పూట మీకు పరిచయం చేస్తాను. దాని పేరు ప్లటీయా.

మధ్య గ్రీసులో బియోషియా అనే సీమ ఉంది. దాని దక్షిణపు అంచున కితైరాన్ కొండ. ఆ కొండకు ఉత్తరపు పాదం దగ్గర ప్లటీయా, దాని ముందు మైదానం, మైదానంలో అసోపస్ నది. అక్కణ్ణించి డెబ్బై స్టేడియాలు, అంటే సుమారు 13 కిలోమీటర్లు పోతే థీబ్స్. కొండెక్కి అటువైపు దిగితే ఏథెన్స్ వాళ్ల అట్టికా. బియోషియాలోని ఊళ్లన్నీ తన మాట వినాలని థీబ్స్ పట్టుదల. మేం వినమని ప్లటీయా మొండితనం. ఆ ఊరి మీదికి వచ్చిన కష్టాలన్నిటికీ మూలం ఈ తగాదాయే.

థీబ్స్ ఒత్తిడి తట్టుకోలేక ప్లటీయా వాళ్లు మొదట స్పార్టా రాజు క్లియోమెనీస్‌ను ఆశ్రయించారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మేమెక్కడో దూరాన ఉన్నాం, పక్కనే ఉన్న ఏథెన్స్‌ను అడగండని ఆయన పంపేశాడు. పైకి మంచి సలహాయే. ఇందులో ప్లటీయా మీద ప్రేమ ఏమీ లేదనీ, ఏథెన్స్‌కూ బియోషియాకూ తంపులు పెట్టడమే స్పార్టా ఆలోచన అనీ హెరొడోటస్ అక్కడే తేల్చేశాడు. ఏథెన్స్‌లో పన్నెండుగురు దేవుళ్లకు బలి జరుగుతున్న వేళ ప్లటీయా వాళ్లు వెళ్లి బలిపీఠం దగ్గర శరణు కోరి కూర్చున్నారు. ఏథెన్స్ కాదనలేదు. మరో చరిత్రకారుడు తుసిడిడీస్ ఇచ్చిన లెక్క ప్రకారం అది క్రీ.పూ. 519.

ఆ రుణం వాళ్లు తీర్చుకున్న తీరు గొప్పది. క్రీ.పూ. 490లో పర్షియన్లు మారథాన్ తీరాన దిగినప్పుడు ఏథెన్స్ పక్కన నిలబడిన ఊరు ఇదొక్కటే. ఊళ్లో ఆయుధం పట్టగలిగిన ప్రతివాడూ వచ్చి, సైన్యానికి ఎడమ కొసన నిలబడ్డాడు. అప్పటినుంచి ఏథెన్స్ పెద్ద పండుగల్లో ప్రార్థన చదివేటప్పుడు ఏథెన్స్ వాళ్లకూ ప్లటీయా వాళ్లకూ మేలు జరగాలని కలిపి చదివేవారట. పదేళ్ల తర్వాత ఆర్టెమీసియం దగ్గర సముద్ర యుద్ధం వస్తే, పడవల పని బొత్తిగా తెలియని ఈ కొండపాదం మనుషులు ఏథెన్స్ ఓడలెక్కి తెడ్లు వేశారు. ఆ ఏడే పర్షియా రాజు జెర్క్సీస్ సైన్యం వాళ్ల ఊరిని తగలబెట్టింది. ఇది మీ పక్షం ఊరు కాదని పర్షియన్లకు చెప్పింది ఎవరనుకున్నారు? థీబ్స్ వాళ్లే.

క్రీ.పూ. 479లో పర్షియన్లతో గ్రీసు నేలమీద ఆఖరి పెద్ద యుద్ధం ప్లటీయా పొలాల్లోనే జరిగింది. పర్షియా సేనాని మార్డోనియస్ అక్కడే చచ్చాడు. గెలిచిన గ్రీకు సైన్యాలకు నాయకుడు స్పార్టాకు చెందిన పౌసానియస్. ఆయన ప్లటీయా బజారులో జ్యూస్ దేవుడికి బలిచ్చి, ఈ ఊరూ ఈ నేలా వీళ్లవే, ఎవరూ అన్యాయంగా వీళ్ల మీదికి దండెత్తరాదని మిత్రులందరి ఎదుటా మాటిచ్చాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

యుద్ధమయ్యాక ఊళ్లో నిప్పంతా మైలపడిందని, డెల్ఫీ గుడి నుంచి కొత్త నిప్పు తేవాలని నిర్ణయమైంది. యూకిడాస్ అనే ప్లటీయావాడు డెల్ఫీ దాకా పరుగెత్తి వెళ్లి, పొద్దు గూకకముందే నిప్పుతో తిరిగొచ్చాడట. రాను పోను వెయ్యి స్టేడియాలు. ఊరివాళ్లకు నమస్కరించి, నిప్పు చేతికిచ్చి, అక్కడే పడి ప్రాణం విడిచాడు. ఈ సంగతి రాసిన ప్లూటార్క్ ఐదు వందల ఏళ్ల తర్వాతివాడు కనుక దూరం విషయంలో నాకు కాస్త అనుమానమే. మారథాన్ పరుగు అందరికీ తెలుసు, యూకిడాస్ మాత్రం ఎవరికీ తెలియడు.

ఇక తుసిడిడీస్ దగ్గరికి వద్దాం. ఏథెన్స్, స్పార్టాల మధ్య ఇరవై ఏడేళ్లు సాగిన పెలొపొనీసియన్ యుద్ధం మొదలైంది ప్లటీయా వీధుల్లోనే. క్రీ.పూ. 431 వసంతం తొలిరోజులు. రాత్రి, తొలి నిద్ర వేళ, మూడు వందల పైచిలుకు థీబ్స్ సైనికులు ఊళ్లోకి చొరబడ్డారు. తలుపు తీసింది ఇంటి దొంగలే, నాక్లైడీస్ అనే స్థానికుడూ అతని ముఠా. బెదిరిన జనం మొదట రాజీకి ఒప్పుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఎంతోమంది కాదని కనిపెట్టారు. వీధిలోకి వస్తే తెలిసిపోతుందని ఇళ్ల మధ్య గోడలకు కన్నాలు పెట్టి, ఒక ఇంట్లోంచి ఒక ఇంట్లోకి నడిచి ఒకచోట చేరారు. పశువుల్ని విప్పేసిన బళ్లను వీధులకు అడ్డంగా పెట్టారు. తెల్లవారకముందే మీదపడ్డారు. పైన జోరువాన, కింద బురద, చంద్రుడు లేని చీకటి. ఆడవాళ్లూ బానిసలూ మిద్దెలెక్కి కేకలు పెడుతూ రాళ్లూ పెంకులూ రువ్వారు. వచ్చినవాళ్లకు దారి తెలియదు. నగరం తలుపు అనుకుని కొందరు గోడనానుకుని ఉన్న ఓ పెద్ద కట్టడంలో దూరి చిక్కిపోయారు. సాయానికి రావలసిన థీబ్స్ సైన్యం అసోపస్ పొంగడంతో ఆలస్యమైంది.

పట్టుబడ్డ 180 మందినీ ప్లటీయా వాళ్లు చంపేశారు. సైన్యం వెనక్కి వెళ్తే బందీలను వదులుతామని ప్రమాణం చేశారని థీబ్స్ వాదన. మాట్లాడుకుందామన్నామే తప్ప ప్రమాణం చేయలేదని ప్లటీయా వాదన. తుసిడిడీస్ రెండూ రాసి, ఎవరిది నిజమో చెప్పకుండా వదిలేశాడు. ప్లటీయాను ఊరికే అమాయకపు బాధితురాలని తలుచుకోవడానికి ఈ ఘట్టం అడ్డొస్తుంది, రావాలి కూడా.

రెండేళ్లకు స్పార్టా రాజు ఆర్కిడామస్ వచ్చిపడ్డాడు. పౌసానియస్ మాటను ప్లటీయా వాళ్లు గుర్తుచేశారు. అయితే ఎవరి పక్షమూ పట్టకండి అన్నాడు రాజు. అది కుదరకపోతే ఊరు మాకప్పగించి వెళ్లండి, పొలాల హద్దులు చూపండి, చెట్లు లెక్కపెట్టి ఇవ్వండి, యుద్ధమయ్యాక తిరిగి అప్పజెబుతాం అన్నాడు. వాళ్ల భార్యాబిడ్డలు అప్పటికే ఏథెన్స్‌లో ఉన్నారు, కనుక ఏథెన్స్‌ను అడగాలన్నారు. మమ్మల్ని విడవకండి, మేం మిమ్మల్ని విడవం అని ఏథెన్స్ కబురంపింది. ఆ తర్వాత ఒక్క దళాన్నీ పంపలేదు.

కోటలో మిగిలింది 400 మంది ప్లటీయా వాళ్లు, 80 మంది ఏథెన్స్ వాళ్లు, రొట్టెలు కాల్చడానికి 110 మంది ఆడవాళ్లు. స్పార్టా వాళ్లు గోడ పక్కన డెబ్బై రోజులు రాత్రింబగళ్లు మట్టి దిబ్బ కట్టారు. లోపలివాళ్లు ఇళ్లు పడగొట్టి ఆ ఇటుకలతో గోడను పెంచారు. గోడ కిందినుంచి సొరంగం తవ్వి, దిబ్బలోని మట్టిని లోపలికి లాగేసుకున్నారు. పైన ఎంత పోసినా దిబ్బ కుంగిపోతుంటే శత్రువుకు చాలాకాలం అంతుబట్టలేదు. గంధకం, కీలు కలిపి పెట్టిన పెద్ద మంటా ఊరిని కాల్చలేకపోయింది. చివరికి ఊరి చుట్టూ పదహారడుగుల ఎడంతో రెండు గోడలు కట్టి, ఆకలికి వదిలేశారు.

తప్పించుకునే ఉపాయం ఆలోచించింది ఇద్దరు. సోదె చెప్పే థియైనెటస్, సేనాని యూపొంపిడీస్. నిచ్చెనలు ఎంత పొడవుండాలి? ఎదుటి గోడలో పూత లేనిచోట ఇటుక వరసలు కనిపిస్తున్నాయి. వాటిని ఒకరు కాదు, చాలామంది, చాలాసార్లు లెక్కపెట్టారు. కొందరు పొరబడినా ఎక్కువమందికి వచ్చిన లెక్క సరైనదవుతుందని. నాకు ఈ యుద్ధం మొత్తంలో అన్నిటికంటే నచ్చిన యుక్తి ఇది. మొదట అందరూ సరేనన్నారు, తీరా సగంమంది జంకారు. మిగిలిన 220 మంది చలికాలపు గాలివాన రాత్రి బయల్దేరారు. బురదలో జారకుండా ఎడమ కాలికి మాత్రమే చెప్పు. ఆయుధాలు తగిలి చప్పుడు కాకుండా మనిషికీ మనిషికీ ఎడం. ఎవరి చేయో తగిలి ఒక పెంకు కిందపడింది, కాపలావాళ్లు లేచారు. ఆ సమయానికి ఊళ్లోవాళ్లు అవతలివైపు గోడ మీద దాడి చేసి గోల చేశారు. శత్రువులు థీబ్స్‌కు మంటలతో సంకేతం పంపబోతే, వీళ్లూ తమ గోడ మీద మంటలు పెట్టి దాన్ని కలగాపులగం చేశారు. సగం గడ్డకట్టిన కందకంలో మెడలోతు నీళ్లు దాటి, ఎవరూ ఊహించని థీబ్స్ దారిన కొంతదూరం నడిచి, తర్వాత కొండవైపు తిరిగారు. ఏథెన్స్‌కు 212 మంది చేరారు.

మిగిలినవాళ్లు క్రీ.పూ. 427 వేసవిలో తిండి లేక లొంగిపోయారు. స్పార్టా నుంచి ఐదుగురు న్యాయమూర్తులొచ్చారు. నేరారోపణ అంటూ ఏదీ లేదు, ఒకటే ప్రశ్న. ఈ యుద్ధంలో మీరు స్పార్టాకు గానీ దాని మిత్రులకు గానీ ఏదైనా మేలు చేశారా? జవాబు లేని ప్రశ్న. మీ తండ్రుల సమాధులు మా నేలలోనే ఉన్నాయి, ఏటేటా బట్టలు పెడుతున్నాం, తొలి పంట నైవేద్యం పెడుతున్నాం అని వాళ్లు వేడుకున్నారు. న్యాయమూర్తులు ఒక్కొక్కణ్ణీ పిలిచి అదే ప్రశ్న అడిగి, లేదన్నవాణ్ణి లేదన్నట్టు చంపించారు. 200 మందికి తక్కువ కాకుండా ప్లటీయా వాళ్లు, 25 మంది ఏథెన్స్ వాళ్లు. ఆడవాళ్లను బానిసలుగా చేశారు. ఊరిని నేలమట్టం చేసి, అవే తలుపులూ దూలాలూ వాడి, హీరా దేవత గుడి దగ్గర రెండంతస్తుల సత్రం కట్టారు. థీబ్స్ ఉపయోగపడుతుందనే స్పార్టా ఇదంతా చేసిందని తుసిడిడీస్ ముక్తసరిగా చెప్పాడు. ఏథెన్స్ స్నేహానికి అది తొంభై మూడో ఏడు.

బతికినవాళ్లకు ఏథెన్స్ పౌరసత్వమిచ్చింది. క్రీ.పూ. 421లో ఇంకొకటి కూడా ఇచ్చింది. తిరగబడ్డ స్కియోనీ అనే ఊరిని గెలిచి, మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలుగా చేసి, ఆ నేలను ప్లటీయా వాళ్లకు కట్టబెట్టింది. తమకు జరిగినదే ఇంకొకరికి జరిగిన చోట వాళ్లు కాపురం పెట్టారు. తుసిడిడీస్ దీనికి ఒక్క వాక్యం కంటే ఎక్కువ ఖర్చుపెట్టలేదు.

ఈ చరిత్రకారుల యుద్ధాలన్నిటిలో కనిపించని మామూలు ప్లటీయా మనిషి, లిసియాస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో కనిపిస్తాడు. బట్టలు శుభ్రం చేసే దుకాణంలో పనిచేసే పాంక్లియాన్ తాను ప్లటీయావాణ్ణని, కనుక ఏథెన్స్ పౌరుణ్ణని అంటాడు. వాది దానికి రుజువు వెతుకుతూ ఏథెన్స్ అంతా తిరుగుతాడు, మంగలి దుకాణంలో అడుగుతాడు. ప్లటీయా వాళ్లంతా నెల ఆఖరి రోజున తాజా చీజ్ అమ్మే బజారులో కలుసుకుంటారని ఒకరు చెబుతారు. వెళ్లి అడిగితే అలాంటివాడు మాలో లేడంటారు. ఒకాయన మాత్రం, ఆ పేరుగల నా బానిస ఒకడు పారిపోయాడండీ అంటాడు. ఊరు పోయినవాళ్లు నెలకోసారి చీజ్ కొనే నెపంతో కలుసుకోవడమన్న ఈ ముక్క నాకు మార్డోనియస్ చావు కంటే విలువైనది.

తర్వాతి కథ చకచకా చెప్పేస్తాను. క్రీ.పూ. 386 సంధి తర్వాత ఊరు మళ్లీ లేచింది. 373 ప్రాంతంలో థీబ్స్ మళ్లీ పడగొట్టింది. థీబ్స్ వాళ్ల సభలు గంటల తరబడి సాగుతాయని తెలిసి, సభ ఉన్న రోజునే ప్లటీయా వాళ్లు ధైర్యంగా పొలాలకు వెళ్లేవారట. ఇది కనిపెట్టిన నియోక్లీస్ అనే నాయకుడు సభకు అందర్నీ ఆయుధాలతో రమ్మని, అక్కణ్ణించే చుట్టుదారిన తీసుకొచ్చి మధ్యాహ్నానికి గోడల ముందు దించాడు. ఇది చెప్పింది యాత్రికుడు పౌసానియస్, ఆ సేనానికీ ఈయనకూ సంబంధం లేదు. క్రీ.పూ. 335లో అలెగ్జాండర్ థీబ్స్‌ను కూల్చినప్పుడు, నరికినవాళ్లలో ప్లటీయా వాళ్లు ముందున్నారని అరియన్ రాశాడు.

పాత పగవాడు పోయాక ఊరికి ఇక పేరే మిగిలింది. మేం ఏథెన్స్ సంతతివాళ్లం, యుద్ధం మా ఊళ్లోనే జరిగింది అనడం తప్ప వాళ్లకు వేరే మాటే లేదని క్రీ.పూ. మూడో శతాబ్దపు యాత్రికుడు హెరాక్లైడిస్ వెక్కిరించాడు. అయితే ఆ యుద్ధంలో పోయినవాళ్లకు ఏటేటా చేసే పూజ మాత్రం మానలేదు. ప్లూటార్క్ కాలంలోనూ ఊరి పెద్ద ఎర్రని అంగీ తొడిగి, కత్తి పట్టి, సమాధి రాళ్లను స్వయంగా కడిగి, సుగంధ తైలం రాసి, నల్ల ఎద్దును బలిచ్చి, చనిపోయిన వీరులను విందుకు పిలిచేవాడు. మిగతా రోజుల్లో ఆయన ఇనుము ముట్టకూడదు, తెల్లబట్టే కట్టాలి. స్వేచ్ఛ కోసం పోయినవాళ్ల పూజ కనుక బానిసలెవరూ ఇందులో చేయి పెట్టకూడదు.

ఇందాకటినుంచీ చెప్పిందంతా బయటివాళ్లు ప్లటీయా గురించి రాసినదే. ప్లటీయావాడు బయటి దేశం గురించి రాసిన పుస్తకం కూడా ఒకటుండేది, అదీ మన దేశం గురించి. పాటలీపుత్రంలో బిందుసారుడి కొలువుకు రాయబారిగా వచ్చిన దైమకస్‌ను పండితులు ప్లటీయావాడిగానే లెక్కిస్తారు. ఆ పేరు ఆ ఊళ్లో పాతదే, గోడ దూకించిన యూపొంపిడీస్ తండ్రి పేరూ అదే. ఆయన రాసిన ఇండికా మనకు దక్కలేదు. దాన్ని చదివిన స్ట్రాబో మాత్రం, భారతదేశం గురించి అబద్ధాలు రాసినవాళ్లలో మొదటి పీట దైమకస్‌కూ రెండోది మెగస్తనీస్‌కూ వేశాడు. చెవుల్లో పడుకుని నిద్రపోయే మనుషులు మన దేశంలో ఉన్నారని వాళ్లిద్దరూ రాశారని ఆయన కోపం.