మనసు ఎట్లుందని అడగండి

(వేంపల్లెలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో ఒక నర్సమ్మ చెప్పిన మాటలు)



ఎండ తగ్గకముందే పిలిచినందుకు ఏమీ అనుకోవద్దు. పొద్దు గూకితే మీకు పాలు పిండే పని ఉంటుందని నాకు తెలుసు.

నేను ఇరవై ఏండ్లకు పైగా నర్సు పని చేసినాను. ఈ పొద్దు క్యాన్సర్ గురించి చెప్పమన్నారు. గడ్డ, ఆపరేషన్, మందు ఎక్కించడం, కరెంటు పెట్టడం. ఇవన్నీ మీరు వినే ఉంటారు. నేను ఇంకో సంగతి చెప్తాను. క్యాన్సర్ వచ్చిన మనిషి మనసు సంగతి.

మా చిన్నమ్మకు రొమ్ములో గడ్డ వచ్చింది. పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకు ఒకసారి పోయి మందు ఎక్కించుకోవాలి. రెండుసార్లు పోయింది. మూడోసారి పోనని మంచం ఎక్కింది. అన్నం తినదు. నిద్ర పోదు. "మందు వేడికి నీరసం" అనింది కోడలు. నేనూ అట్లే అనుకున్నా. బి.పి. చూసినా. రక్తం తక్కువుందేమోనని కంటి రెప్ప లాగి చూసినా. "సంగటి కాకుంటే జావైనా తాగు చిన్నమ్మా" అని చెప్పి వచ్చినా.

మా చిన్నమ్మ ఏటా శ్రావణ మాసంలో గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోతుంది. మోకాళ్ళు నొప్పి పెట్టినా పోతుంది. ఆ ఏడు ఇంటి ముందు నుంచే జనం గండికి పోతా ఉన్నారు. ఆమె తలెత్తి చూడలేదు. అది నా కంట పడింది. అయినా నీరసమే అనుకున్నా. ఇన్నేండ్లు నర్సు పని చేసిన దాన్ని. నాకే తట్టలేదు.

బలవంతంగా ఆసుపత్రికి తీసుకపోయినాము. అక్కడ ఒక చిన్న వయసు నర్సు ఉంది. చిన్నమ్మ కొడుకును "టీ తాగి రాపో అన్నా" అని బయటికి పంపింది. నన్నూ అవతల కూర్చోమనింది. చిన్నమ్మ పక్కన కూర్చుని రెండు మాటలు అడిగింది.

"అమ్మా, ఈ రెండు వారాల్లో నీకు ఇష్టమైన పనుల మీద మనసు పోకుండా ఉందా?"

"దిగులుగా, ఇంక ఏ ఆశా లేనట్టుగా ఉందా?"

చిన్నమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత ఏడ్చింది. "నా కోసం పాడి ఎనుమును అమ్మినారు. ఇంక చీనీ తోట అమ్ముతారు. నేను పోతే అదైనా మిగుల్తుంది" అనింది. ఆమె ఒప్పుకున్నాకనే ఆ నర్సు మాకు ఈ మాట చెప్పింది. మందు వద్దనడానికి కారణం నీరసం కాదు. బతకడం వద్దనుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దిగులు జబ్బు వస్తే ఆకలి పోతుంది. నిద్ర పోతుంది. ఒళ్ళు బరువెక్కుతుంది. దీన్నే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. క్యాన్సర్ మందు ఎక్కించినా ఇవే వస్తాయి. పై నుంచి చూస్తే ఏది దేనివల్లనో తెలియదు. అందుకే మనసును అడగాలి. ఆ రెండు ప్రశ్నలు అందుకోసం తయారు చేసినవే.

జవాబుకు లెక్క కూడా ఉంది. అసలు లేదంటే 0. కొన్ని రోజులు అంటే 1. సగం రోజుల కంటే ఎక్కువ అంటే 2. దాదాపు రోజూ అంటే 3. రెండు ప్రశ్నలవీ కూడండి. 3 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చెప్పాలి. అది జబ్బు అని మనం తేల్చకూడదు. డాక్టరు ఇంకా అడిగి తేల్చుతారు.

ఇంకొక పద్ధతి బొమ్మది. అమెరికాలో జిమ్మీ హాలండ్ అని ఒక డాక్టరమ్మ ఉండేది. న్యూయార్క్‌లో క్యాన్సర్ ఆసుపత్రిలో పని చేసింది. 1977 నుంచి అక్కడ రోగుల మనసు కోసం ఒక విభాగం నడిపింది. "నీకు మనసు జబ్బు ఉందా?" అంటే ఏ దేశంలోనూ నోరు విప్పరు. పిచ్చి అంటారని భయం. అందుకని ఆమె, ఆమెతో పని చేసేవాళ్ళు జ్వరం చూసే థర్మామీటరు బొమ్మ వేసినారు. అడుగున 0, పైన 10. "ఈ వారంలో నీ బాధ ఎంత ఉంది? వేలు పెట్టి చూపించు" అన్నారు. 1998లో ఈ బొమ్మ గురించి అచ్చు వేసినారు. 4, ఆ పైన చూపిస్తే కూర్చుని మాట్లాడాలి.

మనకు థర్మామీటరు ఎందుకు? బిందె బొమ్మ వేసుకోండి. అడుగున 0 రాయండి. మూతి దగ్గర 10 రాయండి. మీరు నేర్చుకున్న అంకెలు చాలు.

క్యాన్సర్ వచ్చిన వాళ్ళందరికీ ఇట్లా అవుతుందని భయపడొద్దు. చాలా దేశాల లెక్కలు కలిపి చూసినారు. ఆసుపత్రుల్లో ఉండే క్యాన్సర్ రోగులు 10 మందిలో ముగ్గురికో నలుగురికో డాక్టరు చూడాల్సినంత మనసు బాధ ఉంటుంది. ఆ ముగ్గురు ఎవరో ముఖం చూసి చెప్పలేము. కొందరు నవ్వుతానే ఉంటారు.

అడిగేటప్పుడు పక్కన కొడుకు, కోడలు, మొగుడు ఉండకూడదు. వాళ్ళ ముందర ఏ తల్లీ నిజం చెప్పదు. "ధైర్యంగా ఉండు, ఏడవొద్దు" అని నోరు మూయించొద్దు. మన ఇండ్లలో జబ్బు పేరు కూడా దాస్తారు. ప్రేమతోనే దాస్తారు, కాదనను. కానీ ఆమెకు తెలిసిపోతుంది. తెలిసినాక ఎవరితో చెప్పుకుంటుంది?

ఇంకో మాట. "చచ్చిపోవాలనిపిస్తా ఉందా?" అని అడగడానికి మనకు నోరు రాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం. అడిగినందువల్ల పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. అవును అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే అప్పుడే తీసేయండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకపోండి. 14416కి ఫోన్ చేయొచ్చు. దాని పేరు టెలి మానస్. 2022లో ప్రభుత్వం పెట్టింది. పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు.

దిగులు జబ్బుకు వైద్యం ఉంది. కొందరికి కూర్చోబెట్టి మాట్లాడితే తగ్గుతుంది. కొందరికి మాత్రలు కావాలి. కడప రిమ్స్‌లో మానసిక వైద్యులు ఉన్నారు. మాత్రలు మింగిన రోజే గుణం కనపడదు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు. క్యాన్సర్ మాత్రల చీటీ మనసు డాక్టరుకు, మనసు మాత్రల చీటీ క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రకు కొన్ని దిగులు మాత్రలు పడవు. దాని బలం తగ్గిస్తాయి. డాక్టరుకు తెలిస్తే వేరేది రాస్తారు.

డబ్బు దిగులు కూడా దిగులే. కార్డు మీద చాలా క్యాన్సర్ వైద్యాలు జరుగుతాయి. 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలైన పథకం అది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. మా చిన్నమ్మకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఎనుము పోయింది బస్సు చార్జీలకు, మొదట్లో బయట చేయించిన పరీక్షలకు. తోట అమ్మాల్సిన పని లేదు. కొడుకు ఆమె పక్కన కూర్చుని ఆ మాట చెప్పినాడు. తల్లీ కొడుకులు ఇద్దరూ ఏడ్చినారు.

మూడు నెలలు మాత్రలు మింగినాక ఆమె మళ్ళీ వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది. క్యాన్సర్ మందు కూడా పూర్తిగా ఎక్కించుకుంది. ఇప్పుడు కూడా పరీక్షకు పోయే రోజు దగ్గర పడితే నిద్ర పట్టదంటుంది. మొన్న బిందె బొమ్మ చూపించి అడిగినా. 3 మీద వేలు పెట్టింది. "అందులో రెండు మోకాళ్ళవిలే" అనింది.

ఇప్పుడు అందరికీ తెల్లకాగితాలు ఇస్తాను. బిందె వేయండి. అంకెలు కింది నుంచి పైకి రాయండి.