హాట్ రాడ్: పడటంలో నంబర్ వన్ స్టంట్‌మ్యాన్

ఈ రోజు సినిమా ‘హాట్ రాడ్’. 2007లో వచ్చింది, థియేటర్లలో ఫ్లాప్. దాదాపు 25 మిలియన్ డాలర్లు పెట్టి తీస్తే 14 మిలియన్లే వచ్చాయి. తర్వాత ఇంట్లో డీవీడీలు పెట్టుకుని చూసినవాళ్లే దీన్ని బతికించారు.

హీరో రాడ్, అంటే ఆండీ శాంబర్గ్. తను పెద్ద స్టంట్‌మ్యాన్ అని వాడి ఫీలింగ్. బండి చూస్తే మోపెడ్! మన టీవీఎస్ ఎక్స్‌ఎల్ వేసుకొచ్చి లారీ మీంచి దూకుతా అన్నట్టు ఉంటుంది. పైగా పెట్టుడు మీసం.

సవతి తండ్రి ఫ్రాంక్ వీణ్ని అస్సలు లెక్కచెయ్యడు. ఇద్దరూ ఇంట్లోనే కొట్టుకుంటారు, వీడే ఓడిపోతాడు. ఇంతలో ఫ్రాంక్‌కి గుండె జబ్బు. ఆపరేషన్‌కి 50,000 డాలర్లు కావాలి. అప్పుడు మనవాడి ప్లాన్ ఏంటంటే, ముందు ఫ్రాంక్‌ని బతికించాలి, బాగయ్యాక చితక్కొట్టాలి! ఆ డబ్బు కోసం 15 బస్సుల మీంచి దూకుతానంటాడు.

15 ఎందుకంటే, ఈవెల్ నీవెల్ అనే నిజం స్టంట్‌మ్యాన్ 1975 అక్టోబర్‌లో ఒహాయోలో 14 బస్సులు దాటాడు. అంతకు ఐదు నెలల ముందే లండన్‌లో 13 బస్సుల జంప్‌లో పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. (రీల్స్ కోసం బైక్ లేపే తమ్ముళ్లూ, వినపడుతోందా?)

నాకు బాగా నచ్చింది కొండ సీన్. రాడ్ కోపంతో అడవిలో డ్యాన్స్ చేస్తూ కాలు జారి పడతాడు. పడుతూనే ఉంటాడు. మొదట నవ్వుతాం. తర్వాత ‘ఇంకా ఎంతసేపురా బాబూ’ అనిపిస్తుంది. ఇంకా దొర్లుతూనే ఉంటే మళ్లీ నవ్వొస్తుంది, ఈసారి ఆపుకోలేం. ఇంకో డైరెక్టర్ అయితే పది సెకన్లకే కట్ చేసేవాడు. అకీవా షాఫర్ చెయ్యలేదు.

కానీ నాకు ఫ్రాంక్ సీన్లలో అంత నవ్వు రాలేదు. జాబ్ మానేసి ఈ చానెల్ పెట్టినప్పుడు మా నాన్న “బీటెక్ చదివింది దీనికేనా?” అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు, అంతే అన్నారు. రాడ్‌కి కావాల్సింది కూడా గెలుపు కాదనిపిస్తుంది. ఆయన ఒక్కసారి “పర్లేదురా” అంటే చాలు. దానికోసం బస్సులేంటి, దేనిమీంచైనా దూకేస్తాడు.

ఎండింగ్ చెప్పను, చూసుకోండి. కిందటి ఎపిసోడ్ లింక్ నాన్నకి పంపాను. బ్లూ టిక్స్ అయితే పడ్డాయి. ఈ ఎపిసోడ్ కూడా పంపుతా. ఉంటాను మరి, బై.