లక్క పురుగు: అడవి నుండి అంగడి వరకు
(ప్రసంగ పాఠం)

భారత కథ విన్నవారందరికీ వారణావతంలోని లక్క ఇల్లు తెలుసు. పాండవులను దహించటానికి దుర్యోధనుడు ఆ ఇంటిని లక్క, నెయ్యి మొదలైన వాటితో కట్టించాడనీ, విదురుని హెచ్చరికతో వారు సొరంగ మార్గాన బయటపడ్డారనీ చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ లక్క ఎక్కడ దొరుకుతుందని అడిగితే పెద్దలలోనే చాలామంది తడుముకుంటారు. అది చెట్టు బంక కాదు, గనిలో తవ్వి తీసేదీ కాదు. పుట్టినప్పుడు ఆవగింజలో సగమైనా ఉండని ఒక పురుగు తన దేహం నుండి స్రవించే పదార్థమది. వాణిజ్య ప్రమాణంలో ప్రాణి నుండి లభించే సహజమైన రెసిన్ ప్రపంచంలో ఇదొక్కటే.

ఈ పురుగు జీవితం విచిత్రమైనది. గుడ్డు నుండి వెలువడిన పిల్ల అర మిల్లీమీటరు పొడవున ఎర్రని నలుసులా ఉంటుంది. వేలాది పిల్లలు ఒక్కసారిగా లేత కొమ్మల వైపు పాకుతాయి. నచ్చిన చోటు దొరకగానే సూది వంటి ముఖావయవాన్ని బెరడులోకి దించి రసం పీల్చటం ఆరంభిస్తాయి. ఒక చదరపు అంగుళం మేర 150కి పైగా పురుగులు ఒకదానినొకటి ఒరసుకొని కూర్చుంటాయి. ఆడపురుగు ఆపైన అంగుళమైనా కదలదు. మొదటి కుబుసం విడవటంతోనే కాళ్ళు, కళ్ళు పోతాయి. ఇక దానికి మిగిలిన పని రసం పీల్చటం, చుట్టూ లక్కను స్రవించి గూడు కట్టుకోవటం. ఊపిరి కోసం, విసర్జన కోసం సన్నని రంధ్రాలు మాత్రం విడిచిపెడుతుంది. ఆ రంధ్రాలు మూసుకొనిపోకుండా తెల్లని మైనపు నూలు పోగులు అడ్డుపడతాయి. కొమ్మ మీద తెల్లగా బూజు పట్టినట్టు కనిపిస్తే లోపల పురుగులు క్షేమంగా ఉన్నాయని సాగుదారు గ్రహిస్తాడు.

మగపురుగు చరిత్ర మరీ చిన్నది. అది కూడా కాళ్ళు పోగొట్టుకొంటుంది కాని, ఎదిగిన తరువాత కొత్త కాళ్ళతో, కొన్ని తరాలలో రెక్కలతో కూడా గూటి మూత ఎత్తుకొని బయటికి వస్తుంది. అప్పటికి దానికి తినటానికి నోరు ఉండదు. మూడు నాలుగు రోజులు జీవించి, ఆడపురుగులను ఫలవంతం చేసి రాలిపోతుంది. ఆడపురుగు మాత్రం నెలల తరబడి లక్కను పోగుచేస్తుంది. చివరికి దాని దేహం ముడుచుకొనిపోగా గూటిలో ఖాళీ అయిన చోట వందలాది గుడ్లు పెట్టి, అక్కడే మరణిస్తుంది. తల్లి కట్టిన కోటలో నుండి పిల్లలు బారులు తీరి బయటికి వస్తాయి. సంస్కృతంలోని 'లాక్షా' శబ్దం లక్ష సంఖ్యను బట్టి వచ్చిందని చెప్పటం పరిపాటి. కిలో లక్కకు 50 వేల నుండి 3 లక్షల పురుగులు శ్రమించాలని వేసిన అంచనాలను చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు.

ఈ కీటకాన్ని గూర్చి జేమ్స్ కెర్ 1781లో శాస్త్రీయంగా వర్ణించాడు. 'కెర్రియా' అనే శాస్త్రనామం ఆయన పేరు మీద ఏర్పడినదే. ఇది ముఖ్యంగా మోదుగ, రేగు, పుసుగు చెట్ల మీద పెరుగుతుంది. పుసుగును ఉత్తరాదిన కుసుం అంటారు. 'రంగీని', 'కుసుమి' అని రెండు జాతులున్నాయి. రెండింటికీ ఏడాదికి రెండేసి పంటలు. వైశాఖం, కార్తికం, మార్గశిరం, జ్యేష్ఠం పేర్ల మీద బైసాఖీ, కత్కీ, అఘనీ, జేఠ్వీ అని వాటిని పిలుస్తారు. కుసుమి లక్క రంగు తేలికగా ఉండటం వల్ల ధర హెచ్చు. పంట అధికంగా ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా, మహారాష్ట్ర అడవి ప్రాంతాలలోనిది.

పూర్వం లక్కకన్నా దాని ఎర్రరంగుకే గిరాకీ. స్త్రీలు పాదాలకు తీర్చుకొన్న లత్తుక ఈ రంగే. ఈస్టిండియా కంపెనీ దీనిని ఐరోపాకు ఎగుమతి చేసింది. 1856లో కృత్రిమ రంగుల యుగం మొదలయ్యాక ఆ వ్యాపారం క్రమంగా క్షీణించింది. అయినా లక్క అంతరించలేదు. వేరొక రూపంలో లోకమంతా తిరిగింది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులలో రాతిపొడిని పట్టి ఉంచినది షెల్లాక్, అనగా శుద్ధి చేసిన లక్క. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు జర్మనీలోని హనోవర్‌లో రికార్డులుగా తయారై వచ్చాయి. మన అడవి పురుగు స్రవించిన పదార్థం మీదనే ఆ గానం నిలిచింది. 1942లో యుద్ధ అవసరాల కోసం అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి షెల్లాక్ వాడకాన్ని కఠినంగా తగ్గించగా, అక్కడి కంపెనీలు ప్రజల వద్ద పాత రికార్డులను సేకరించవలసి వచ్చింది.

అంతకన్నా ఆశ్చర్యకరమైనది ఇంకొకటి ఉంది. విద్యుత్ పరికరాలకు షెల్లాక్ చాలక, దానికి బదులుగా వాడదగిన పదార్థం కోసం లియో బేక్‌లాండ్ చేసిన ప్రయోగాల నుండే 1907లో బేకలైట్ పుట్టింది. పూర్తిగా కృత్రిమమైన మొదటి ప్లాస్టిక్ అదే. ఒక పురుగు చేసే పనికి ప్రత్యామ్నాయం వెదకబోయి మానవుడు ప్లాస్టిక్ యుగంలో అడుగుపెట్టాడన్నమాట!

శుద్ధి చేసే పాత పద్ధతి చూడవలసినదే. కొమ్మల నుండి గీకిన లక్కను దంచి, కడిగి, గింజ లక్కగా చేస్తారు. దానిని పొడవాటి గుడ్డ సంచిలో కూరి బొగ్గుల కొలిమి ముందు పట్టి మెలిపెడితే కరిగిన లక్క ఊరుతుంది. పనివాడు ఆ వేడి ముద్దను చేతులతో, కాలివేళ్ళతో, పళ్ళతో పట్టి సాగదీసి కాగితం వంటి పలుచని రేకుగా మారుస్తాడు. పురూలియా జిల్లా బలరాంపూర్, ఝాల్దా ఈ పరిశ్రమకు పేరుపొందినవి.

తెలుగునాట దీని చివరి మజిలీ ఇంకా రంగులమయం. ఏటికొప్పాకలో తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను అంటుకొంటుంది. తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రసాయన రంగులు అలవాటైన తరువాత అక్కడి వృత్తిలో సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. హైదరాబాదు లాడ్ బజారులో నిప్పుల మీద లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, రాళ్ళు పొదుగుతారు. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకూ జైపూరు గాజులకూ ముడిసరుకు ఇదే. బోలు నగలను నింపే కంసాలికి లక్క కావాలి. మాత్రల పూతకూ, పండ్ల మెరుగుకూ షెల్లాక్ కావాలి.

ఈ గొలుసుకు మొదటి కొస మాత్రం బలహీనమైనది. కొమ్మలలో కొంత భాగాన్ని పిల్లలు వెలువడే వరకు విత్తనంగా అట్టిపెట్టాలి. చేతిలో డబ్బు లేని ఆదివాసీ కుటుంబం పురుగు ఎదగక ముందే కొమ్మలు నరికి అమ్ముకొంటే, తరువాతి పంటకు విత్తు ఉండదు. ఇటువంటి పచ్చి కోతను 'అరీ' అంటారు. వేసవి తీవ్రమైతే మోదుగ మీది పురుగులు గూటిలోనే మాడిపోతాయి. లక్క పురుగులను తినే కొన్ని చిమ్మట గొంగళ్ళ వల్ల పంటలో 30 నుండి 40 శాతం దాకా నష్టం కలుగుతుంది. ధర ఏటేటా ఊగిసలాడటం వేరు. అయినా చెట్టును నరకక, కొమ్మలను మాత్రమే కోసి రాబడి పొందే పంటలు అడవిలో ఎన్ని ఉన్నాయి? లక్కనిచ్చినంతకాలం పుసుగు చెట్టు గొడ్డలికి దూరంగా ఉంటుంది.

రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో 1924లో నెలకొల్పిన లక్క పరిశోధనా సంస్థ పేరు 2022లో జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థగా మారింది. అక్కడి శాస్త్రజ్ఞులు సెమియలత అనే పొదపైన సాగును ప్రచారంలోకి తెచ్చారు. పెద్ద చెట్లు లేని రైతు కూడా చేనిలో లక్క పండించవచ్చు. విత్తనపు పుల్లలను కట్టలుగా కట్టి కొమ్మలకు తగిలిస్తే పిల్లలు కొత్త కొమ్మలకు వలసపోతాయి. మూడు వారాలు దాటకుండా ఆ పుల్లలను దించివేయాలి, లేకపోతే వాటిలో దాగిన శత్రుకీటకాలు కొత్త పంటకు పాకుతాయి. దించిన పుల్లల మీద మిగిలిన లక్కను కూడా సాగుదారులు పారవేయరు. గీకి, ఆరబెట్టి, వారపు సంతకు తీసుకొనిపోతారు.