వసూలు చేసిన చోటే లెక్క చెప్పాలి

 

యాత్రికుల దగ్గర వసూలయ్యే సొమ్ములో పర్యావరణానికి ఎంత పోతోంది, ఆ ఖర్చు జనానికి ఎంత కనబడుతోంది అన్నది ఈ రోజు నా అంశం. ఇది గోవా, సిమ్లా లాంటి ఊళ్ల సంగతి, మనకెందుకు అనిపించవచ్చు. ఒక్కసారి మన చుట్టూ చూడండి. సిరిసిల్ల పక్కనే వేములవాడ రాజన్న. జగిత్యాలకు దగ్గర్లో, మల్యాల మండలం ముత్యంపేట గుట్ట మీద కొండగట్టు అంజన్న. గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి. నిజామాబాద్ వైపు నుంచి ధర్మపురికి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగానే పోతుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక జిల్లాకు రాజన్న పేరే పెట్టుకున్నాం. మన ప్రాంతానికి వచ్చే యాత్రికుల్లో అత్యధికులు మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లే. సోమవారం వేములవాడ, మంగళ, శనివారాల్లో కొండగట్టు నిండిపోతాయి. మేడారం జాతర ఏడాదిలో అయితే, సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే ముందు రాజన్నను దర్శించుకునే ఆనవాయితీ వల్ల వేములవాడలో వారాల తరబడి కాలు పెట్టే సందు ఉండదు.

ఇలా వచ్చిన కుటుంబం ఎన్నిచోట్ల డబ్బు కడుతుందో చూడండి. బండి నిలిపినందుకు పార్కింగ్ రశీదు. కోడె మొక్కు టికెట్. లాడ్జిలో గది అద్దె, దాని మీద జీఎస్టీ. రోడ్డు పక్కన బొమ్మలు, గాజులు అమ్మే అక్క తైబజార్, అంటే వీధిలో అమ్ముకునే రుసుము, కడుతుంది. ఆ భారం ఆమె గాజుల ధరలో కలిసి మళ్లీ యాత్రికుడి మీదికే వస్తుంది. ఆ కుటుంబం తిరిగి వెళ్లాక ఊళ్లో మిగిలేది ప్లాస్టిక్ కవర్లు, విస్తరాకులు, నీళ్ల సీసాలు, కొబ్బరి పీచు, స్నానం చేసిన నీళ్లు, వండుకు తిన్న చోట బూడిద. దాన్ని ఎత్తిపోసేది పారిశుధ్య కార్మికులు. భరించేది ఆ ఊరి చెరువు, ఆ ఊరి వాగు, ఆ గుట్ట.

ఇక్కడ ఒక చట్టపరమైన సంగతి గుర్తు చేయాలి. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటో మన సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. అది ఒక మఠానికి సంబంధించిన కేసు కావడం విశేషం. ఉడుపి దగ్గరి శిరూరు మఠం, మద్రాసు దేవాదాయ కమిషనర్ మధ్య నడిచిన వ్యాజ్యం అది. పన్ను ప్రభుత్వ సాధారణ ఖజానాలో కలుస్తుంది. రుసుము అట్లా కాదు. ఒక నిర్దిష్ట సేవ కోసం తీసుకుంటారు కాబట్టి ఆ సేవకే ప్రత్యేకించాలి. ఆ కేసులో మఠాల నుంచి వసూలు చేసిన చందా సాధారణ ఖజానాలో కలిసింది కనుక దాన్ని రుసుము అనడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. పరిశుభ్రత పేరు మీద రుసుము తీసుకుంటే అది పరిశుభ్రతకే పోయిందని చూపించాల్సిన బాధ్యత తీసుకున్నవాళ్లదే అని ఆ తీర్పు నుంచి మనం నేర్చుకోవాలి.

లాడ్జి గది మీద పన్ను సంగతి వేరు. విలాస పన్ను 2017 జూలై 1 నుంచి జీఎస్టీలో కలిసిపోయింది. రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు ఉన్న మినహాయింపు కూడా 2022 జూలైలో పోయింది. పేద భక్తుడు తీసుకునే చిన్న గది మీద కూడా ఇప్పుడు పన్ను ఉంది. అది ఢిల్లీకి, హైదరాబాద్‌కు చేరుతుంది. అందులో ఫలానా రూపాయి వేములవాడ చెరువుకు తిరిగి రావాలన్న నియమం లేదు. కాబట్టి స్థానికంగా తీసుకునే రుసుమే మన ఊరి నీళ్లకు, గుట్టకు మిగిలే ఆసరా. అందుకే దాని లెక్క మనకు ముఖ్యం.

మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఏటూరునాగారం అభయారణ్యం మీదుగా మేడారం వైపు వెళ్లే వాహనాల దగ్గర అటవీ శాఖ పర్యావరణ రుసుము తీసుకునేది. 2024 ఫిబ్రవరిలో జాతరకు ముందు, భక్తులకు ఇబ్బంది కలగకూడదని ప్రభుత్వం దాన్ని తాత్కాలికంగా ఆపింది. భక్తుల వైపు నుంచి చూస్తే అది మంచి నిర్ణయమే అనిపిస్తుంది. అడవి వైపు నుంచి చూస్తే, చెత్త ఎక్కువగా పడే రోజుల్లోనే రుసుము ఆగింది. ఏది సబబు? అంతకుముందు ఎంత వసూలైంది, దానితో అడవిలో ఏం చేశారు అన్న లెక్క అదే చెక్‌పోస్టు దగ్గర రాసి ఉంటే జనమే తేల్చుకునేవాళ్లు. లెక్క కళ్ల ముందు లేకపోతే రుసుము తీసుకున్నా అనుమానమే, మానేసినా అనుమానమే.

లెక్కను పదిమంది ముందు పెట్టడం మనకు కొత్త విద్య కాదు. మన గుళ్లలో హుండీ ఎలా లెక్కిస్తారు? అధికారులు, పోలీసుల సమక్షంలో సీలు విప్పుతారు. సేవకు వచ్చిన భక్తులు వరుసగా కూర్చుని నోట్లు విడదీస్తారు. నగదు ఎంత, బంగారం ఎంత, వెండి ఎంత అన్నది మరునాడు జిల్లా పేపర్లో వస్తుంది. దేవుడి సొమ్ము మీద ఎవరికీ అనుమానం రాకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. నేను గర్వపడే కట్టుబాటు. రాబడి దగ్గర ఇంత శ్రద్ధ పాటించే మనం ఖర్చు దగ్గర ఎందుకు ఆగిపోవాలి? పార్కింగ్ సొమ్ములో ఎంత చెత్త బండ్లకు పోయింది, ఎంత మరుగుదొడ్లకు పోయింది, ఎంత చెరువు పూడిక తీయడానికి పోయింది అన్నది కూడా అదే పేపర్లో, అదే వివరంతో రావాలని నేను కోరుతున్నాను.

ఇది జరగకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది వేలం పద్ధతి. పార్కింగ్, తైబజార్ లాంటివి చాలాచోట్ల వేలం పాటలో కాంట్రాక్టరుకు పోతాయి. అప్పుడు కార్యాలయం పుస్తకంలో పాట మొత్తం ఒక్కటే ఉంటుంది. ఎన్ని బండ్లు వచ్చాయి, ఒక్కో బండికి ఎంత తీసుకున్నారు అన్నది అందులో ఉండదు. బండ్ల లెక్క తెలియకపోతే చెత్త అంచనా కూడా తెలియదు. జాతరకు ఎన్ని ట్రాక్టర్లు కావాలో ఊహ మీదే నడుస్తుంది. కాబట్టి రోజువారీ రశీదుల లెక్క అప్పగించాలని పాట షరతుల్లోనే రాయాలి.

రెండోది, పని పలు కార్యాలయాల మధ్య చీలిపోవడం. గుడి లోపల దేవాదాయ శాఖ. వీధులు మున్సిపాలిటీవి. అభివృద్ధి పనులకు వేములవాడలో ఆలయ ప్రాంత అభివృద్ధి సంస్థ ఉంది. చెరువుకు నీటిపారుదల శాఖ, గుట్ట చుట్టూ అటవీ శాఖ. యాత్రికుడు పారేసిన కవరుకు ఈ హద్దులు తెలియవు. గాలికి లేచి గుడి ముందు నుంచి వీధిలోకి, వీధి నుంచి చెరువులోకి పోతుంది. దేవుడి సొమ్ము దేవుడికే చెందాలి, 1987 దేవాదాయ చట్టం ప్రకారమే ఖర్చు కావాలి, అందులో రాజీ లేదు. ఎవరి ఖాతా వారికే ఉండాలి. అన్ని ఖాతాల్లోనూ పరిశుభ్రతకు పెట్టిన ఖర్చును మాత్రం ప్రతి జాతర తర్వాత ఒకే కాగితం మీద చూపించాలి.

ఇందుకు దారులు మన ముందే ఉన్నాయి. పులుల అభయారణ్యాల్లో గేటు దగ్గర వసూలైన సొమ్ము రాష్ట్ర ఖజానాలో కలవకుండా ఆ అడవి సంరక్షణ ఫౌండేషన్‌కే చేరాలని 2012లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మనకు గోదావరి అవతల ఉన్న కవ్వాల్ అలాంటి అభయారణ్యమే. దూరంగా స్పెయిన్‌లోని బలియారిక్ దీవులను తీసుకోండి. 2002లో పర్యాటక పన్ను పెట్టి మరుసటి ఏడాదే ఎత్తేశారు. 2016లో మళ్లీ తెచ్చినప్పుడు స్థానిక సంస్థలు, హోటళ్లవాళ్లు, కార్మిక సంఘాలు, పర్యావరణ సంఘాలు కలిసి కూర్చునే కమిషన్‌ను పెట్టారు. ఏ పనికి సొమ్ము ఇవ్వాలన్న చర్చ అందులో జరుగుతుంది. కట్టేవాళ్లకు, భరించేవాళ్లకు ఖర్చులో మాట ఉండాలన్న ఆలోచన మనకూ పనికొస్తుంది.

అన్నిటికన్నా దగ్గరిది మన సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పనుల లెక్కలు తేల్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ప్రత్యేక సంస్థే ఏర్పడింది. మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పని చేసినవాళ్లను అడిగి, గ్రామసభలో చదివి, మండల ప్రజావేదికలో అందరి ముందు తేల్చారు. చదువు రాని కూలి అక్క లేచి నిలబడి, ఈ సంతకం నాది కాదని అధికారి ముందే చెప్పిన పద్ధతి అది. దేశం మన దగ్గర నేర్చుకుంది. కూలి డబ్బులకు పనికొచ్చిన పద్ధతి చెరువు నీళ్లకు ఎందుకు పనికిరాదు?

ఇక ఏం రాయాలి, ఎక్కడ రాయాలి? వసూలు చేసే కౌంటరు పక్కనే పెద్ద బోర్డు, తెలుగులో. పోయిన జాతరకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి, ఏ కాంట్రాక్టరుకు. ఎత్తిన చెత్త ఎన్ని టన్నులు, అది ఎక్కడికి పోయింది. పారిశుధ్య కార్మికులకు కూలి ఎంత ఇచ్చారు, గ్లౌజులు, బూట్లు ఇచ్చారా లేదా. చివరగా నీళ్లు ఎలా ఉన్నాయి. స్నానఘట్టాల నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలున్నాయి. నీటిలోని మురుగును సూచించే బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 100 మిల్లీలీటర్ల నీటిలో మల సంబంధమైన కోలిఫామ్ బ్యాక్టీరియా 2500 మించకూడదు. ధర్మపురి ఘాట్‌లో, వేములవాడ ధర్మగుండంలో ఈ అంకెలు కనబడాలి. ఖర్చు పెరిగినా నీళ్లు మెరుగుపడకపోతే ఎక్కడ తప్పుతోందో అప్పుడే తెలుస్తుంది.

రుసుము అంటే పేదవాడి మీద మరో భారం కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. హనుమాన్ దీక్ష తీసుకుని కాలినడకన కొండగట్టుకు వచ్చే స్వాముల దగ్గర, ఆర్టీసీ బస్సులో వచ్చే తల్లి దగ్గర పైసా తీసుకోకూడదు. సొంత కార్లు, పెద్ద లాడ్జీలు, పెద్ద దుకాణాల దగ్గర తీసుకోవాలి. ఎవరి దగ్గర తీసుకున్నామన్నది కూడా ఆ బోర్డు మీద ఉంటే అన్యాయం దాగదు. లెక్కలు బయట పెడితే అధికారులు పని చేయలేరని ఇంకొందరంటారు. నిజాయతీగా పనిచేసే అధికారికి బయట పెట్టిన లెక్కే రక్ష. పుకార్లకు జవాబు చెప్పే అవసరం ఆయనకు ఉండదు.

బోర్డు పెట్టేదాకా మనం ఊరుకోనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రకటించకపోతే అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు వేరే కార్యాలయానికి సంబంధించినదైతే 5 రోజుల్లోపు వాళ్లే అక్కడికి పంపాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమన్నాయి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఈ పది శాతం ఎక్కడ ఖర్చయిందని అక్కడ అడగడానికి ఏ ఫీజూ లేదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి. 2015లో, రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన తొలి పుష్కరాలకు ధర్మపురికి తరలివచ్చిన జనం మనందరికీ గుర్తే. ఈసారి ఏర్పాట్ల టెండర్లతో పాటే లెక్కల బోర్డు, నీటి పరీక్షల పట్టిక కూడా సిద్ధం కావాలి. అందుకే ఈ సభ లేచేలోపు మూడు పనులు పంచుకుందామని నా విన్నపం. సిరిసిల్ల మిత్రులు వేములవాడ పరిశుభ్రత ఖర్చు అడగండి. జగిత్యాలవాళ్లు కొండగట్టు, ధర్మపురి లెక్కలు అడగండి. కోరుట్లవాళ్లు రహదారి వెంట పడుతున్న చెత్తకు ఎవరు బాధ్యులో, ఎంత కేటాయించారో మున్సిపాలిటీని అడగండి. వచ్చిన జవాబులను మళ్లీ ఇలాంటి సభలోనే చదువుదాం. మంచి పని కనిపిస్తే ఆ కార్యాలయాన్ని పేరు పెట్టి మెచ్చుకుందాం, లోటు కనిపిస్తే సరిదిద్దే దాకా అడుగుతూనే ఉందాం.