ఉరికి కొన్ని గంటల ముందు ఆగితే... అది క్షమించినట్టేనా?

ఈరోజు టాపిక్ కాస్త బరువైనది. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

1993 మార్చి 8. హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న బస్సు. దోచుకుందామని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లు లోపల పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చాలామందికి ఆ వార్త ఇంకా గుర్తుంటుంది.

ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష ఇవ్వనన్నారు. 1997 మార్చి 29న ఉరి తీయాలని తేదీ కూడా వేసేశారు. ఇంక కొన్ని గంటలే ఉందనగా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వాళ్లు పేద దళిత యువకులు. పౌరహక్కుల వాళ్లు, రచయితలు వాళ్ల ప్రాణం కోసం గట్టిగా నిలబడ్డారు. ఆ ఆగిన టైమ్‌లో ఏమైందో చూడండి. అదే ఏడాది జులైలో రాష్ట్రపతి మారారు, కె.ఆర్. నారాయణన్ వచ్చారు. 1998లో ఆయన ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఆ రాత్రి స్టే రాకపోయుంటే, మార్చడానికి మనుషులే మిగిలేవాళ్లు కాదు.

ఇప్పుడు కాస్త లా. భయపడకండి, నేనూ బీటెక్కే.

మన రాజ్యాంగంలో 72వ అధికరణ రాష్ట్రపతికి, 161వ అధికరణ గవర్నర్‌కి ఈ అధికారాలిస్తాయి. మనం అన్నిటినీ కలిపి 'క్షమాభిక్ష' అనేస్తాం గానీ, అందులో చాలా రకాలున్నాయి. పార్డన్ అంటే పూర్తి మాఫీ. కమ్యూట్ అంటే ఉరి బదులు యావజ్జీవం లాగా శిక్ష రకమే మారడం. రిప్రీవ్ వేరు. అందులో శిక్ష అలాగే ఉంటుంది, అమలు మాత్రం కొన్నాళ్లు ఆగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఫైల్ డిలీట్ కాలేదు, పాజ్‌లో ఉంది. కోర్టు ఇచ్చే స్టే చట్టం లెక్కలో వేరే విషయం, కానీ లోపలున్న ఖైదీకి రెండూ ఒకటే. రేపు తెల్లారుతుంది, అంతే.

గర్భిణుల విషయం చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 416వ సెక్షన్‌లో, ఉరి పడిన స్త్రీ గర్భవతి అని తెలిస్తే హైకోర్టు అమలు వాయిదా వెయ్యాలి, కావాలనుకుంటే యావజ్జీవంగా మార్చొచ్చు అని ఉండేది. అంటే చట్టం ప్రకారం, బిడ్డ పుట్టాక తల్లిని ఉరి తీయొచ్చన్నమాట! చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. 2008 సవరణతో ఆ వాయిదా మాట తీసేసి, యావజ్జీవంగా మార్చి తీరాలని రాశారు.

ఇక రెండో వైపు. నిర్భయ కేసులో ఉరి తేదీ మొదట 2020 జనవరి 22, తర్వాత ఫిబ్రవరి 1, ఆ తర్వాత మార్చి 3. చివరికి మార్చి 20న అమలైంది. వాయిదా పడ్డ ప్రతిసారీ ఆ అమ్మాయి తల్లి కోర్టు బయట ఏడుస్తుంటే మనమంతా టీవీలో చూశాం. ఆవిడ ముందు నిలబడి 'ఇది దయ అమ్మా' అని చెప్పగలమా? నేనైతే చెప్పలేను.

అయినా నా ఓటు వాయిదాకే. ఉరికి అన్‌డూ లేదు కదా.

కానీ ఎంతకాలం? 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు 15 మంది ఉరిని యావజ్జీవంగా మార్చింది. చాలామంది విషయంలో కారణం, క్షమాభిక్ష పిటిషన్లు ఏళ్ల తరబడి తేల్చకపోవడమే. తేదీ తెలీకుండా అన్నేళ్లు బతకడమే ఒక శిక్ష అని కోర్టు ఒప్పుకుంది. పిటిషన్ తిరస్కరించారని ఖైదీకి చెప్పాక, కనీసం 14 రోజులు ఆగాకే ఉరి తీయాలని కూడా చెప్పింది. ఇంటివాళ్లని చూసుకోవడానికి, చివరిసారి కోర్టుకెళ్లడానికి ఆ 14 రోజులు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 472వ సెక్షన్ ప్రకారం ఖైదీ 30 రోజుల్లో క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవాలి. అభిప్రాయం చెప్పడానికి కేంద్రానికి 60 రోజుల గడువుంది. నిర్ణయం తీసుకునే రాష్ట్రపతికి మాత్రం ఏ గడువూ రాయలేదు.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం పెరోల్ గురించి. బై!