ఒంటికన్ను బండి



చీకటి పడ్డాక రోడ్డు మీద ఎదురుగా ఒక్క దీపం వస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? మోటారు సైకిలు అనుకుంటారు. పక్కనుంచి పోతుందిలే అని రోడ్డు మీదే నడుస్తారు. తీరా దగ్గరికొచ్చాక చూస్తే అది కారు! రెండు దీపాల్లో ఒకటి మాడిపోయింది.

మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపున పోతాయి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఆ కుడివైపు దీపమే రోడ్డు నడిమికి దగ్గరగా ఉంటుంది. అది ఆరిపోతే ఎదుటివాళ్ళకు కనిపించేది అంచున ఉన్న ఎడమ దీపం ఒక్కటే. మిగతా కారంతా చీకట్లో, వాళ్ళ వైపే ఉంటుంది. ఎడమది ఆరినా ప్రమాదమే. అంచున నడిచే మనిషి, కట్టు తెంచుకున్న గేదె డ్రైవరు కంటికి ఆనవు.

ఒక ఇంట్లో పాత కారు ఉందనుకోండి. ఇంటాయన దాన్ని కిరాయికి తిప్పుతాడు. రాత్రికి ఎవరినో రైలుకు చేర్చాలి. సాయంత్రం చూస్తే ఒక దీపం వెలగడం లేదు. మెకానిక్కు ఊళ్ళో లేడు. "ఈ ఒక్క పూటకు ఏమవుతుందిలే" అంటాడు ఆయన. ఆ ఒక్క పూటే భయం. "ఆగండి, బల్బు మారుద్దాం" అని ఇల్లాలు అనగలిగితే? బండి పని ఆడవాళ్ళకెందుకని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. లాంతరు చిమ్నీ తుడిచి, ఒత్తి కత్తిరించి, మళ్ళీ బిగించిన చేతులకు ఇది బ్రహ్మవిద్యేమీ కాదు.

ముందు ఇంజను ఆపాలి. లైటు స్విచ్చి ఆపాలి. తాళం చెవి తీసెయ్యాలి. దీపాలు అంతదాకా వెలిగి ఉంటే పావుగంట ఆగాలి. ఆ బల్బు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది.

బానెట్ ఎత్తి, కింద కడ్డీ ఆసరా పెట్టి, దీపం వెనక్కి చూడాలి. మూడు వైర్లు వచ్చి చేరే ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తూ వెనక్కి లాగాలి. వైర్లు పట్టి లాగితే తెగుతాయి. దాని వెనక రబ్బరు టోపీ ఉంటుంది. అది ఊడదీస్తే బల్బును పట్టి ఉంచిన తీగ క్లిప్పు కనబడుతుంది. క్లిప్పును నొక్కి పక్కకు జరిపితే బల్బు చేతికొస్తుంది. ఇదంతా చేసేముందు ఏది ఎలా ఉందో ఒకసారి బాగా చూసుకుంటే, తిరిగి పెట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఇప్పుడు చదువుతో పని. చాలా పాత కార్లలో, చిన్న వ్యాన్లలో ఉండేది ఎచ్-4 రకం హాలోజెన్ బల్బు. దాని మొదట్లో రేకు మీద చిన్న అంకెలుంటాయి. 12 అని ఉంటే అవి వోల్టులు. 60/55 అని ఉంటే అవి వాట్లు. ఒక్క బల్బులోనే రెండు తీగలున్నాయన్నమాట. 60 బ్రైటుకు, 55 డిమ్ముకు. ఏ ఒక్క తీగ తెగినా బల్బు మొత్తం మార్చాల్సిందే.

పాత బల్బు షాపుకు తీసుకెళ్ళి, అవే అంకెలున్నది అడగాలి. లారీ బల్బులు సాధారణంగా 24 వోల్టులవి. అవి కారుకు పనికిరావు. "100/90 పెట్టుకోండి, వెలుగు బాగా ఉంటుంది" అని షాపువాడు అంటాడు. ఒత్తి పెద్దది చేస్తే దీపం పెద్దదవుతుందనే లెక్క ఇక్కడ చెల్లదు. వైర్లు వేడెక్కుతాయి. ప్లాస్టిక్ ముక్క కరుగుతుంది. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళు చెదురుతాయి. వాళ్ళకు చూపు ఆనకపోతే వచ్చి తగిలేది మన బండికే కదా!

కొత్త బల్బు గాజును వేలితో తాకకూడదు. మొదట్లో ఉన్న రేకునే పట్టుకోవాలి. వేళ్ళకు ఎప్పుడూ కాస్త జిడ్డు ఉంటుంది. వంట చేసిన చేతులైతే చెప్పక్కర్లేదు. ఆ జిడ్డు అంటిన చోట గాజు మిగతా చోటుకన్నా ఎక్కువ కాగుతుంది. గాజు బలహీనపడి బల్బు త్వరగా పోతుంది, ఒక్కోసారి పగులుతుంది. కాగిన చిమ్నీ మీద ఒకచోట నీటిచుక్క పడితే ఏమవుతుందో ఇంట్లో అందరూ చూసిందే. పొరపాటున చెయ్యి తగిలితే, సూది వేసేముందు రాసే స్పిరిట్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

బల్బు రేకుకు మూడు చెవులుంటాయి. ఒకటి మిగతావాటికన్నా వెడల్పు. అవి సరిపోయేది ఒక్క తీరులోనే. కూర్చోకపోతే తిప్పి చూడాలి, బలవంతం పనికిరాదు. తర్వాత క్లిప్పు, రబ్బరు టోపీ, వైర్ల ముక్క. రబ్బరు టోపీ సరిగా పట్టకపోతే తడి, దుమ్ము లోపలికి పోయి లోపలి అద్దం మెరుపు పోతుంది.

కొత్త బల్బు కూడా వెలగకపోతే ఫ్యూజు చూడాలి, లేదా వైర్ల ముక్క కాలిందేమో చూడాలి. రెండు దీపాలూ ఒక్కసారే ఆరిపోయినా అంతే, బల్బులను అనుమానించే ముందు ఫ్యూజు. కాలిన వైర్ల జోలికి పోకుండా అది మెకానిక్కుకే వదిలెయ్యాలి. కొన్ని కార్లలో చెయ్యి దూరే సందే ఉండదు. కొత్త కార్లలో చాలావాటికి ఎల్.ఇ.డి. దీపాలొచ్చాయి. వాటిలో ఇలా విడిగా మార్చే బల్బు ఉండదు.

చివరగా బండిని గోడకు ఎదురుగా పెట్టి దీపాలు వెయ్యాలి. డిమ్ము ఒకసారి, బ్రైటు ఒకసారి. గోడ మీద రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడాలి. ఒకటి పైకి పోతుంటే బల్బు సరిగా కూర్చోలేదని అర్థం. మళ్ళీ తీసి పెట్టాలి. రైలుకు ఇంకా టైముంది.